ఒక సంతకం

మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగున ఒక కాగితం పదకొండు రోజులు పడి ఉంది. దాచింది నేనే. నగలు దాచానంటే ముందుచూపు అని మెచ్చుకుంటారు. కన్నకొడుకు కాగితం దాచానంటే ఏమంటారో, ఇక మీ ఇష్టం!

మాది మహబూబాబాద్ జిల్లా గంగారం. చుట్టూ అడవి. మా వాడు ఇంటరు పాసయ్యాడు, ఇంకా పద్ధెనిమిది నిండలేదు. 2022లో మొదలైన అగ్నిపథ్ కింద సైన్యంలో చేరతానంటాడు. నాలుగేళ్ళ కొలువు. ఆ తర్వాత నూటికి పాతికమందిని మించకుండా ఉంచుకుంటారట. పద్ధెనిమిది నిండనివాళ్ళ కాగితం మీద తల్లో తండ్రో సంతకం పెట్టాలి. మావారు దాన్ని అటూ ఇటూ తిప్పి, “నీ ఇష్టం” అని పేపరు చాటుకి తప్పుకున్నారు. కష్టమైన పనులన్నీ మగవాళ్ళు ఇలాగే ఎంతో గౌరవంగా మనకప్పజెబుతారు.

“అమ్మా, సంతకం ఎప్పుడు పెడ్తవే?”

“పోపు మాడుతాంది, ఆగురా.”

పదకొండు రోజులూ మా ఇంట్లో పోపు మాడుతూనే ఉంది.

నా భయం ఊరికే పుట్టింది కాదు. 2020 జూన్ 16న టీవీలో సూర్యాపేట పేరు విన్నాను. కర్నల్ సంతోష్ బాబు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, పదహారో బిహార్ రెజిమెంటుకి అధిపతి అయినవాడు. వయసు ముప్పై ఏడు. లడఖ్‌లోని గల్వాన్ లోయలో, దాదాపు 14 వేల అడుగుల ఎత్తున, చైనావాళ్ళు మాట ప్రకారం వెనక్కి వెళ్ళారో లేదో చూడబోయాడు. 15వ తేదీ రాత్రి పైనించి రాళ్ళు విసిరారు, ఇనుప కడ్డీలతో మీద పడ్డారు. సరిహద్దు దగ్గర తుపాకి పేల్చకూడదని 1996లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి గదా, ఆ చీకట్లో తుపాకి పేలలేదు. అయినా మనవాళ్ళు ఇరవైమంది పోయారు.

సూర్యాపేటలో ఉన్న కన్నవాళ్ళకి కబురు చేరింది మర్నాడు మధ్యాహ్నం. నా గుండెలో ముల్లులా దిగింది ఆ మధ్య గంటలే. ఆ గంటల్లో ఏ తల్లయినా ఏం చేస్తుంది? పాలు కాస్తుంది. కూర తరుగుతుంది. సాయంత్రం ఫోన్ చేస్తాడులే అనుకుంటుంది. బిడ్డ లేడని తెలియకుండానే బిడ్డ గురించి అనుకుంటూ ఉంటుంది. అంతకంటే క్రూరమైనది ఇంకేమైనా ఉందా?

మా వైపు వాళ్ళకి రాత్రి రోడ్డు భయం కొత్త కాదు లెండి. నక్సలైట్లకీ పోలీసులకీ పోరు నడిచిన రోజుల్లో, చీకటి పడ్డాక కల్వర్టు వస్తోందంటే బస్సులో మాటలాగిపోయేవి. పొద్దున ఎవరు చచ్చారన్నా, ముందు ‘ఎవరి కొడుకో పాపం’ అనేది మా అత్తయ్య. ఏ పక్షమని అడిగేది కాదు.

పన్నెండో రోజు సూర్యాపేటలో పెళ్ళికి వెళ్ళాం. చౌరస్తాలో సంతోష్ బాబు విగ్రహం ఉంది. 2021 జూన్ 15న, సరిగ్గా ఏడాదికి, పెట్టారు. ఆ ఏడాది నవంబరులో మహావీర చక్రం అందుకోడానికి తల్లీ భార్యా కలిసి రాష్ట్రపతి ముందు నిలబడ్డ దృశ్యం నాకు గుర్తుంది. ఆ పతకం బరువెంతో గాని, దాన్ని పట్టుకున్న చేతుల్నే చూశాను నేను.

“చూస్తివా, ఇదీ మిగిలేది” అన్నాను మా వాడితో, కటువుగానే.

వాడు విగ్రహంకేసి చాలాసేపు చూశాడు. “అమ్మా, కాగితం బియ్యం డబ్బల ఉన్న సంగతి నాకు తెలుసు” అన్నాడు. నా మొహం పాలిపోయింది. “కొన్ని నెలలాగితే నాకే పద్ధెనిమిది నిండుతయి. అప్పుడు నీ సంతకంతో పని లేదు. గని నీకు చెప్పకుంట పోవుడు నాకిష్టం లేదే. నేనేడ ఉన్ననో నీకు తెలిసి ఉండాలె.”

ఆ రాత్రి ఇంటికొచ్చి డబ్బాలో చెయ్యి పెట్టాను. కాగితానికి తవుడు అంటుకుంది. దులిపి సంతకం పెట్టాను. భయం పోయి పెట్టలేదండీ. అది పోదు. నాకు తెలియకుండా ఏదీ చెయ్యనన్నవాణ్ణి, నేను దాచిపెట్టి ఆపడమేం న్యాయం?

“సంతకం వంకరపోయిందే” అన్నాడు వాడు.

“మీ నాయన పెడితే తిన్నగ ఉండేది, పో.”

ఎంపికవుతాడో లేదో ఇంకా తెలీదు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి కొత్తగూడ రోడ్డున పరుగెత్తడానికి వెళ్తాడు. వాడి అడుగుల చప్పుడు మళ్ళీ వినబడేదాకా నేను వాకిట్లో లైటు ఆర్పను, పొయ్యి మీద చాయ్ పెట్టను. కరెంటు బిల్లని గొణుగుతారు మావారు. కానీ ఆ వేళకి ఆయన కూడా లేచి, అరుగు మీదే కూచుని ఉంటారు.