కదిలే ఇంటికి తాళం

ఇల్లు వీపున వేసుకుని తిరిగేది నత్త ఒక్కటే అనుకునేవాణ్ణి. 2023 జూన్ నెలలో అమెరికా వెళ్ళి, డెన్వర్ నగరంలో మా తమ్ముడి ఇంటిముందు ఆ బండిని చూసిన తరువాత అభిప్రాయం మార్చుకున్నాను. పేరుకు మోటారుబండే గాని, లోపల పడకలు, గ్యాసుపొయ్యి, రిఫ్రిజిరేటరు, స్నానాలగది అన్నీ ఉన్నాయి. అక్కడివాళ్ళు దాన్ని 'ఆర్వీ' అంటారు. తమ్ముడు పది రోజులకు అద్దెకు తెచ్చాడు. ఆ ఇంట్లో కాపురం చేస్తూనే ఎల్లోస్టోన్ చూసి రావాలని మా సంకల్పం.

బయలుదేరేముందే పేచీ వచ్చింది. మా అమ్మ మనుమరాలికి ఇవ్వాలని తన పెళ్ళినాటి చంద్రహారం వెంట తెచ్చింది. "ఇంట్లో పెట్టి తాళం వేసి వెళదామమ్మా" అన్నాడు తమ్ముడు.

"ఖాళీ ఇంట్లో వదిలేసి ఊళ్ళు తిరగనా? నా వస్తువు నా వెంటే ఉంటుంది" అన్నది అమ్మ. ఎక్కడ దాచిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. "నలుగురికీ తెలిస్తే అది దాపరికమెట్లా అవుతుందిరా?" అని మా నోళ్ళు మూయించింది.

వయోమింగ్ రాష్ట్రం మీదుగా పోయి, కోడీ అనే ఊళ్ళో బళ్ళు నిలిపే మైదానంలో మకాం చేశాము. పక్క బండిలో ఒక వృద్ధదంపతులు. ఆ పెద్దాయన తన బండి సామాన్ల అరకు తాళంచెవి కనపడక అవస్థ పడుతుంటే, మా తమ్ముడు వేళాకోళానికి మా తాళంచెవి అందించాడు. అరె, ఆ తలుపు తెరుచుకున్నది! మా గుండెలు జారిపోయాయి. పెద్దాయన మాత్రం పకపక నవ్వాడు. ఈ బళ్ళ బయటి అరలలో చాలావాటికి సీ.హెచ్. 751 అనే ఒకే నంబరు తాళం బిగిస్తారట. ఆ తాళంచెవి బజారులో ఎవరికైనా దొరుకుతుంది. దొంగచేతికి తాళాలివ్వడమంటే ఇదే కదా!

ఆ రాత్రి ఆయన మాకు చిన్న పాఠం చెప్పాడు. దొంగ లోపలికి వస్తే ముందు చూసేది పడకగది సొరుగులు, పరుపు కింద. ఇనపపెట్టె ఉండటం మంచిదే కాని, దాన్ని బోల్టులతో నేలకు బిగించాలి. బిగించకపోతే పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. అద్దెబండికి బెజ్జాలు కొట్టలేముగనుక చిన్నపెట్టెను ఉక్కుతాడుతో సీటుకాలికి కట్టుకోవాలి. పగలు దిగి వెళ్ళేటప్పుడు ముందు అద్దాలకు తెరలు వేయాలి. అన్నిటికంటె ముఖ్యం, చూడవలసిన చోటికి చేరాక బండి ఆపి, అందరి ఎదుటా సంచులు దాచకూడదు. ఎవడైనా కనిపెడుతూ ఉండవచ్చు. ఆ సర్దుళ్ళన్నీ నాలుగు మైళ్ళ ముందే కానివ్వాలి. సొరుగుల మాట తర్జుమా చేసి చెబితే అమ్మ ముసిముసిగా నవ్వింది.

మరునాటినుంచి పాస్‌పోర్టులు చొక్కాల లోపల నడుముసంచీల్లోకి చేరాయి. వాటి నకళ్ళు వేరొకచోట పెట్టాము. పాస్‌పోర్టు పోతే పోలీసులకు ఫిర్యాదు, ఆపైన మన కాన్సులేటుకు పరుగు తప్పవు. 1830-31లో ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్ర చేసిన కాలంలో దూరప్రయాణాలకు రొక్కం మోసుకుపోలేక హుండీ కాగితాలు పట్టుకువెళ్ళే ఆచారముండేది. మాకు రెండు బాంకుకార్డులు సరిపోయాయి. ఒకటి నా దగ్గర, రెండవది మా ఆవిడ దగ్గర.

ఎల్లోస్టోన్ 1872లో ఏర్పడిన జాతీయవనం. తూర్పుద్వారంలో ప్రవేశించి ఫిషింగ్ బ్రిడ్జి దగ్గర దిగాము. అక్కడ గుడ్డడేరాలు వేయనివ్వరు. గట్టిగోడల బళ్ళకే అనుమతి. కారణం గ్రిజ్లీ ఎలుగుబంట్లు. వాటి లెక్కలో బంగారానికి విలువలేదు. మన ఆవకాయజాడీయే నిధి. తినే వస్తువేదీ బయట వదలకూడదని, పెట్టి తాళం వేయాలని కట్టుదిట్టమైన నియమం. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటిబుగ్గ దాదాపు గంటన్నరకొకసారి ఆకాశానికి ఎగజిమ్ముతుంటే జనమంతా బళ్ళు వదిలి అటే పరుగు. మేము మాత్రం తెరలు వేసి, తాళాలు లాగిచూసి మరీ వెళ్ళాము.

తిరుగుప్రయాణంలో మళ్ళీ కోడీలో ఆగాము. పక్కన డేరా వేసుకుని నలుగురు తెలుగుపిల్లలు, చదువుకోవడానికి వచ్చినవాళ్ళు, ఉన్నారు. సాయంత్రం అమ్మ వంటకు లేచి, "బియ్యం డబ్బా ఏదే?" అని అడిగింది.

"మిగిలినవి ఎందుకని ఆ పిల్లలకు ఇచ్చేశానత్తయ్యా. మనకు రొట్టెలున్నాయిగా" అన్నది మరదలు.

అమ్మ ఉన్నచోటనే కూలబడింది. అడుగున, గుడ్డమూటలో, చంద్రహారం!

పరుగెత్తాము. డేరా ఉన్నది, పిల్లలు లేరు, వాళ్ళ కారూ లేదు. ఊళ్ళోకి పోయారన్నారు ఎవరో. రెండు గంటలు ఆ డేరాముందు కూర్చున్నాము. అమ్మ మాట్లాడలేదు, మరదలు ఏడుపు ఆపుకోలేదు. చీకటిపడ్డాక కారు వచ్చింది. డబ్బా వెనుక డిక్కీలోనే ఉన్నది. సంగతి వినగానే ఒక కుర్రవాడు మోచేతిదాకా చెయ్యి ముంచి మూట పైకి తీశాడు. "మా నాయనమ్మ కూడా బియ్యంలోనే పెట్టేదండీ" అని నవ్వింది ఒక పిల్ల.

దొంగ రాలేదు. తాళం పగలలేదు. మా చేతులతో మేమే దానమిచ్చి వచ్చాము!

ఆ రాత్రే అమ్మ ఆ హారాన్ని మనుమరాలి మెడలో వేసింది. పన్నెండేళ్ళ పిల్ల మురిసిపోయి, కాసేపటికి, "బామ్మా, పడుకునేటప్పుడు దీన్ని ఎక్కడ దాచుకోను?" అని అడిగింది.

అమ్మ మరదలివైపు ఒకసారి చూసి అన్నది:

"ఎక్కడైనా దాచుకోవే. కాని ముందు మీ అమ్మకు చెప్పి దాచుకో."