బ్యారెల్ మారిస్తే పాయింట్లు పెరుగుతాయా?

పోయిన సెమిస్టర్‌లో ఒక మ్యాచ్‌లో నా పిస్టల్ వరసగా ఎనిమిదులు కొట్టింది. నిజానికి 'నేను కొట్టాను' అని రాయాలి. అక్కడే మొదలైంది సమస్య.

మాది తుర్కపల్లి. నాన్న జీనోమ్ వ్యాలీలో ఒక మందుల కంపెనీలో మెషీన్ ఆపరేటర్. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే జాతీయ ఛాంపియన్ అయ్యిందని చదివిన రోజు నుంచి నాకూ పిస్టల్ పిచ్చి. నాన్న ఒక సెకండ్ హ్యాండ్ ఎయిర్ పిస్టల్ కొనిచ్చాడు. ఆదివారం వస్తే చాలు, జేబీఎస్‌లో బస్సు మారి గచ్చిబౌలి వైపు రేంజ్‌కి పోతాను.

మ్యాచ్ అయ్యాక ఇంట్లో చెప్పేశాను: "నాన్నా, బ్యారెల్ అరిగిపోయింది. కొత్తది కావాలి. ముప్పై ఐదు వేలు."

ఈ ఐడియా యూట్యూబ్ నుంచి వచ్చింది. అమెరికాలో కొందరు గ్లాక్ పిస్టల్‌కి వేరే కంపెనీ బ్యారెల్ వేస్తారు. చాలా గ్లాక్‌ల బ్యారెల్ లోపల పదునైన గాడులు ఉండవు, మొద్దు అంచుల బహుభుజి ఆకారం ఉంటుంది. రాగి తొడుగు లేని సీసం తూటాలు అందులో వాడొద్దని కంపెనీయే చెబుతుంది. సీసం పేరుకుంటే లోపల పీడనం పెరుగుతుంది మరి. మామూలు గాడుల బ్యారెల్ వేసుకుంటే చవకైన సీసం తూటాలు వాడొచ్చు. బ్యారెల్ ఖర్చును ఒక్కో తూటా మీద మిగిలే డబ్బుతో భాగిస్తే, ఎన్ని తూటాలకి గిట్టుబాటవుతుందో తేలిపోతుంది. అప్పుడు కూడా తూటా బోరుకి సరిపోవాలి. సన్నగా ఉంటే వేడి వాయువు పక్క నుంచి దూసుకెళ్లి సీసాన్ని కోసేస్తుంది, కొత్త బ్యారెల్ అయినా సరే.

కానీ నాది ఎయిర్ పిస్టల్. అందులో మందు పేలదు, 4.5 మి.మీ. సీసం పెల్లెట్‌ని గాలి నెడుతుంది. మెత్తటి సీసం ఉక్కుని అంత తొందరగా అరగదీయదు. మెకానికల్ చదువుతున్న నాకు ఇది తెలియదా? తెలుసు.

నాన్న కాసేపు ఆలోచించాడు. "ఈ నెల చిట్టీ పాడుతలే బిడ్డా. గని ఒక్క మాట. మా కంపెనీల పంపు ప్రెషర్ పడిపోతే ఫస్టు ఫిల్టర్ చూస్తం, పంపు మార్చం. నువ్వు చూసినవా?"

చూడలేదు. చిట్టీ ఇంత ముందే పాడితే ఎంత నష్టమో మాత్రం నాకు తెలుసు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆదివారం కోచ్‌ని బతిమాలి పిస్టల్‌ని బెంచ్ వైస్‌లో బిగించాం. పది మీటర్ల దూరం. టార్గెట్‌లో పది రింగు వ్యాసం 11.5 మి.మీ., తొమ్మిది రింగు 27.5, ఎనిమిది రింగు 43.5. నా చవక పెల్లెట్లతో ఐదు షాట్లు కొడితే మూడు పదిలో, రెండు తొమ్మిదిలో పడ్డాయి. మ్యాచ్ పెల్లెట్లు తల సైజుల వారీగా దొరుకుతాయి: 4.49, 4.50, 4.51 అని. తలా ఐదు కొట్టి చూశాం. 4.50 పెల్లెట్లు ఐదూ పదిలోనే దూరాయి. దాదాపు ఒకే చిల్లు.

వైస్ విప్పి అవే పెల్లెట్లతో నేను కొట్టాను. ఎనిమిది. తొమ్మిది. ఎనిమిది.

కోచ్ ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. పరీక్షల పేరు చెప్పి రెండు నెలలుగా నేను డ్రై ఫైరింగ్ ముట్టుకోలేదు. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు మణికట్టు కదులుతోంది. పెల్లెట్ తప్పు ఒక్క పాయింట్, మిగతాదంతా నాది.

ఇంటికొచ్చి, "చిట్టీ పాడకు నాన్నా, బ్యారెల్ బాగనే ఉంది" అన్నాను.

"మరి ఖరాబయింది ఏంది?"

"నేనే."

నాన్న నవ్వాడు. "అయితే పైసలు పడవు."

బ్యారెల్ మార్చడం దండగ అని నేననను. లోపం అక్కడే ఉందని కొలిచి తేల్చుకుంటే తప్పకుండా మార్చాలి. నేను కొలవకుండానే అడిగాను, ఎందుకంటే కొలిస్తే ఏం తేలుతుందో లోపల నాకు ముందే తెలుసు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు తెల్లగోడకి ఎదురుగా నిలబడి ఖాళీ ట్రిగ్గర్ నొక్కుతున్నాను. ఖర్చు సున్నా. మొన్న మ్యాచ్‌లోనూ ఎనిమిదులు పడ్డాయి, కానీ తగ్గాయి.