నేల మీద పచ్చ మరక

పార్కింగ్‌లో మా కారు కింద రూపాయి బిళ్లంత పచ్చ మరక. నాన్న గొంతుక్కూర్చుని దాన్ని వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు.

“ఇదేంట్రా?”

“ఏసీ నీళ్లు కారుతుంటాయి నాన్నా, మామూలే.”

“డిసెంబర్లో ఏసీ వేశావా?”

వెయ్యలేదు. కానీ ఆ మాట ఒప్పుకుంటే ఇంకో పది ప్రశ్నలొస్తాయి. మీటింగ్ ఉందని చెప్పి కారు తీసేశా.

మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్. జగ్గయ్యపేట డిపో. యాక్సిడెంట్ లేకుండా నడిపినందుకు, డీజిల్ ఆదా చేసినందుకు ఇచ్చిన ప్రశంసాపత్రాలు మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే వేలాడుతుంటాయి. ‘కేఎంపీఎల్’ అనే మాట నేను ఏబీసీడీల కంటే ముందు విన్నాను. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయి అని. అది బాగా వచ్చిన రోజు నాన్న మిర్చిబజ్జీలు తెచ్చేవాడు. ఇప్పుడు రిటైరై ఊళ్లో ఉంటున్నాడు. అమ్మకి శుక్లం ఆపరేషన్ చేయించాలని మొన్న డిసెంబర్లో ఇద్దరూ హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చారు.

నా కారు 2012 మోడల్ పెట్రోల్ బండి. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. మొదటిసారి ఊరికి తీసుకెళ్లినప్పుడు నాన్న దాని చుట్టూ ఓ రౌండ్ తిరిగి, టైర్లు కాలితో తట్టి, “ఒకసారి నడపనా?” అని అడిగాడు. నేను నవ్వేశాను. “ఇది బస్సు కాదు నాన్నా. క్లచ్ చాలా లైట్‌గా ఉంటుంది, నీకు అలవాటుండదు. నువ్వు హాయిగా పక్కన కూర్చో” అన్నా. పెద్దాయన్ని సుఖపెడుతున్నాననే అనుకున్నా అప్పుడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆ పచ్చ మరక సంగతి నాకు నిజానికి అక్టోబరు నుంచే తెలుసు. మరక అని కాదు, బానెట్ కింద తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది కదా, MIN, MAX అని గీతలుండేది, అందులో కూలెంట్ గీత కిందికి దిగడం చూశా. తాగే బాటిల్లోంచి కాసిన్ని నీళ్లు పోశా. పది రోజులకి మళ్లీ దిగింది. మళ్లీ పోశా. మూసి ఉన్న వ్యవస్థ అది. అందులోంచి తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఇంజినీరింగ్ చదివిన ఎవరికైనా ఆ మాత్రం తెలియాలి. తెలుసు కూడా. సర్వీసింగ్‌కి శనివారం పొద్దున వెళ్లాలి, సాయంత్రం దాకా పోతుంది, వాడు ఇంకేవో నాలుగు చెప్పి బిల్లు పెంచుతాడు. పండగయ్యాక చూద్దాంలే అనుకున్నా.

ఆఫీసులో నా పనే ఇలాంటివి కనిపెట్టడం. సర్వర్ కాస్త వేడెక్కితే అర్ధరాత్రి రెండింటికి నా ఫోన్ మోగుతుంది, లేచి లాగ్స్ చూస్తా. అదే నా సొంత కారు నేల మీద రోజూ ఒక మరక పెట్టి చెబుతుంటే ఏసీ నీళ్లన్నా. ఏసీ నీళ్లయితే రంగుండదు, జిగురుండదు, ఆరిపోతే ఆనవాలే ఉండదు. కూలెంట్ పచ్చగానో ఎర్రగానో ఉంటుంది, వేళ్ల మధ్య జారుతుంది, ఓ రకం తియ్యటి వాసనొస్తుంది. నాన్న ఆ రోజు చూసింది అదే.

జనవరి 12. సంక్రాంతికి ఊరికి బయల్దేరాం. పొద్దున్నే వెళ్తే ట్రాఫిక్ ఉండదని ఐదున్నరకే తీశా. హైదరాబాద్‌లో సగం మంది అదే అనుకున్నట్టున్నారు. చౌటుప్పల్ దాటి పంతంగి టోల్ దగ్గరికి వచ్చేసరికి కార్లు బారులు తీరి ఉన్నాయి. అక్కడ క్యూలో నిలబడ్డప్పుడు టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి లేచింది. టోల్ దాటి స్పీడ్ అందుకోగానే కిందికొచ్చేసింది.

“చూశావా?” అన్నాడు నాన్న.

“తగ్గిపోయిందిగా నాన్నా.”

తగ్గడానికి కారణం గాలి. బండి పరిగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది. నిలబడితే ఫ్యానొక్కటే దిక్కు. లోపల కూలెంటే సరిపడా లేనప్పుడు ఫ్యాన్ ఎంత తిరిగితే ఏం లాభం? ఇదంతా ఇప్పుడు చెబుతున్నా. అప్పుడు మాత్రం దానంతట అదే సర్దుకుందని సంతోషించి పాటల సౌండ్ పెంచా.

నార్కట్‌పల్లి దగ్గర నాన్న “ఒక టీ తాగుదాం, బండి కూడా చల్లారుతుంది” అన్నాడు. ఈ రోడ్డు నాలుగు లైన్లు కాకముందు, దీన్ని 9వ నంబరు హైవే అనే రోజుల్లో, ఆయన బస్సు నడిపిన రోడ్డిది. ఇప్పుడు 65. నేను ఆగలేదు. ఆగితే మన వెనక వదిలేసిన కార్లన్నీ ముందుకెళ్లిపోతాయని నా లెక్క. హైవే ఎక్కితే నాకదో పిచ్చి.

కొర్లపహాడ్ టోల్ దగ్గర పంతంగిని మించిన క్యూ. పది నిమిషాలకి నాలుగు కార్లంత జరిగాం. ముల్లు సగం దాటింది. ముప్పావు దాటింది. కారులో ఏదో తియ్యటి వాసన. వెనక సీట్లో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పడుకున్న అమ్మ, “ఏమండీ, ఎక్కడో బెల్లం కాగుతున్న వాసనొస్తోంది” అంది.

“పక్కకి తియ్యి” అన్నాడు నాన్న.

“పదిహేను బండ్లే నాన్నా, టోల్ దాటి ఆపేద్దాం.”

“ఇంజిన్ ఆపెయ్‌రా.”

“ఇక్కడ ఆపితే వెనకోళ్లు హారన్లు కొట్టి చంపుతారు.”

నాన్న ఇంకేమీ అనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనం నాకిప్పటికీ గుర్తొస్తుంటుంది. ముప్పై ఒక్క ఏళ్లు యాభై మంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని బండి నడిపిన మనిషి, కొడుకు కారులో రెండుసార్లకి మించి చెప్పకూడదనుకున్నాడు.

ఇంకో ఆరేడు నిమిషాలు ఈడ్చా. ముల్లు హెచ్ అక్షరాన్ని తాకింది, బండి వణికింది, యాక్సిలరేటర్ తొక్కినా లాగడం మానేసింది. బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి. ముందు కారులోంచి ఒకాయన దిగి చెయ్యూపాడు. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు వచ్చి పక్కకి తోశారు.

బానెట్ ఎత్తా. లోపల కుతకుత ఉడుకుతున్న చప్పుడు. నీళ్లు పోసేస్తే చల్లారుతుంది కదా అని చేతిరుమాలు చుట్టి రేడియేటర్ మూత మీద చెయ్యి వేశా. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా అంటే సాయంత్రం దాకా ఆ వేళ్ల గుర్తులున్నాయి.

“దాన్ని ముట్టుకోకు.”

నా మణికట్టు మీదున్న ఆ చేతిని అప్పుడు దగ్గర్నుంచి చూశా. మోచేతి దాకా ముడతలు పడి, కొంచెం తెల్లగా మెరిసే చర్మం. చిన్నప్పట్నుంచి చూస్తున్న మచ్చే. అడిగినప్పుడల్లా “అట్ల పెనం కాలింది” అని చెప్పేవాడు. నాన్న జన్మలో అట్టు వెయ్యడం నేను చూడలేదు, అయినా ఎప్పుడూ అనుమానం రాలేదు.

“సర్వీసులో చేరిన కొత్తల్లో,” అన్నాడు, “ఎండాకాలం. బస్సు నిండా జనం. టైముకి చేరకపోతే మాట పడాలని తొందరపడ్డా. మూత తీశా. మొహం తిప్పుకున్నా కాబట్టి కళ్లు మిగిలాయి.”

రేడియేటర్ అంటే ప్రెషర్ కుక్కర్ లాంటిదే. మూత బిగించి ఉండటం వల్ల లోపల ఒత్తిడి పెరిగి, నూరు డిగ్రీలు దాటినా నీళ్లు మరగవు. మూత తీసిన క్షణం ఆ ఒత్తిడి పోతుంది, నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి మనిషి మీదికి ఎగజిమ్ముతాయి. కుక్కర్ విజిల్ పోకుండా మూత తియ్యొద్దని ప్రతి ఇంట్లోనూ చెబుతారు. రేడియేటర్ గురించి మా నాన్న నాకు చెప్పకపోవడానికి కారణం, నేను ఆయన్ని నా బండి బానెట్ దగ్గరికి రానివ్వకపోవడం.

ముల్లు లేస్తున్నప్పుడే ఏం చెయ్యాలో రోడ్డు పక్కన కూర్చుని చెప్పాడు. ఏసీ ఉంటే ఆపెయ్యాలి. హీటర్ ఫుల్లుగా పెట్టి అద్దాలు దించాలి, ఇంజిన్ వేడి కొంత కారులోకి లాగేస్తుంది, మనకి చెమటలు పట్టినా ఇంజిన్‌కి ఊపిరొస్తుంది. వీలైనంత త్వరగా పక్కకి తీసి ఆపాలి. చల్లారేదాకా, అరగంట కాదు గంటైనా సరే, మూత ముట్టుకోకూడదు. మండుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే లోహం పగలొచ్చు. ఇందులో ఒక్కటీ నేను చెయ్యలేదు.

1033కి ఫోన్ చేశా. క్రేన్ వచ్చేలోపు అమ్మకి కంట్లో చుక్కలు వేసే టైమైంది. నాన్న వాటర్ బాటిల్‌తో చేతులు కడుక్కుని, అమ్మ తల వెనక్కి వాల్చి, పక్కనే లారీలు దూసుకెళ్తుంటే వణక్కుండా ఒక్కో చుక్క వేశాడు. కిందటి నెలే ఆపరేషనైన మనిషిని దుమ్ములో కూర్చోబెట్టానన్న బాధ నాకు కారు మీది బాధ కంటే ఎక్కువైంది. అమ్మ మాత్రం “పోన్లేరా, నీళ్లు తాగు” అంటూ నాకే బాటిల్ ఇచ్చింది.

సూర్యాపేటలో షెడ్డు మేస్త్రి ఆయిల్ మూత తిప్పి చూపించాడు. లోపల పాల మీగడ లాంటి తెల్లటి జిగురు. ఆయిల్లో నీళ్లు కలిసిపోయాయన్నమాట.

“హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్. హెడ్ ఇప్పి లేత్‌కి పంపాలె, వంగిందేమో. పండుగ గదా, పోరగాళ్లు లేరు. వారం పడ్తది.” తర్వాత కింద దూరి, ఒక రబ్బరు పైపు చివర వదులైన క్లిప్పు వేలితో ఆడించాడు. “ఈడికెళ్లి కారుతున్నది. ఎన్ని రోజులాయె?”

నేను నోరు తెరిచేలోపే నాన్న, “ఈ మధ్యే, చూసుకోలేదు” అన్నాడు.

మొత్తం బిల్లు 19,400. అందులో కొత్త పైపుకీ రెండు క్లిప్పులకీ కలిపి 650. మిగతాదంతా నేను పోసిన నీళ్లకీ, ఆ ఆరేడు నిమిషాలకీ. ఆ కాగితం ఇప్పటికీ కారు డ్యాష్‌బోర్డ్ అరలోనే ఉంది.

ఆ రోజు ఊరికి బస్సులో వెళ్లాం, జగ్గయ్యపేట దాకా నిలబడే. పండగ గడిచింది. ఆఫీసుకి రెండ్రోజులు ఇంటి నుంచే పని చేస్తానని చెప్పి, వారం తర్వాత నాన్నా నేనూ కారు కోసం సూర్యాపేట వెళ్లాం. మేస్త్రి స్టార్ట్ చేసి చూపించాడు. నాన్న అరగంట ఇంజిన్ ఆన్‌లోనే ఉంచమని, ఫ్యాన్ తిరిగి ఆగి మళ్లీ తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. కింద వంగి పైపులన్నీ తడిమాడు. మేస్త్రి నవ్వి, “డ్రైవర్ సాబ్ గదా మీరు, నాకెర్కైంది” అన్నాడు.

డబ్బులిచ్చి బయటికొచ్చాక తాళం నాన్న చేతిలో పెట్టా.

“నువ్వు నడుపు నాన్నా.”

తాళం వైపు ఓ క్షణం చూసి, తిరిగి నాకే ఇచ్చేశాడు. “లైసెన్స్ అయిపోయింది. నిరుడు మార్చిలోనే. రెన్యువల్ చేయించలేదు.”

“ఎందుకని?”

“నడిపే పనేముంది?”

మామూలుగానే అన్నాడు, నిష్ఠూరమేమీ లేదు. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటూ, ఫోన్లో రూల్స్ వెతికి చదివా. గడువు దాటి ఏడాది లోపు అప్లై చేస్తే సరే, ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్. నలభై దాటినవాళ్లకి డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ కావాలి. మార్చికి ఇంకా టైముంది.

“లేకపోతే నీకు టెస్ట్ పెడతారంట నాన్నా.”

“పెట్టనీ.” మొదటిసారి నవ్వాడు. “వాళ్లకే బస్సు నడపడం నేర్పిస్తా.”

మునగాల దాకా ముల్లు సగం దగ్గరే కదలకుండా ఉంది. నేను దాన్నే చూస్తున్నా, రోడ్డు చూడమని నాన్న రెండుసార్లు అన్నాడు. రేపే డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నా. లైసెన్స్ రాగానే అమ్మని చెకప్‌కి హైదరాబాద్ నువ్వే తీసుకురావాలన్నా. సరేనంటాడని చూస్తున్నా.

నాన్న తల కాస్త పక్కకి వంచి ఏదో వింటున్నాడు. పాటలు ఆపమన్నట్టు చెయ్యి చూపించాడు.

“వెనక కుడి చక్రం దగ్గర చిన్న శబ్దం వస్తోంది.”

నాకేమీ వినపడలేదు. ఇండికేటర్ వేసి, ఎడమకి తీసి ఆపాను.