ఊరికి వెళ్ళినవారి ఉత్తరం

ఒకప్పుడు మా వారు ఊళ్ళు తిరుగుతుంటే నేను ఇంట్లో ఉండేదాన్ని. ఈమధ్య నేను ఊళ్ళు తిరుగుతుంటే ఆయన ఇంట్లో ఉన్నారు. మధ్యలో ఇరవైమూడేళ్ళు గడిచాయి. చెల్లుకు చెల్లు అని మీరనుకుంటారు. నిజం చెప్పవద్దూ, నేనూ అలాగే అనుకొని లోలోపల కాస్త సంతోషించాను.

నేను ఒంగోలులో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. 2025 నవంబరులో డిగ్రీ పరీక్షలకు నన్ను పరిశీలకురాలిగా వేశారు. పొదిలి, మార్కాపురం, కంభం, గిద్దలూరు — వరసగా నాలుగు ఊళ్ళు, రెండు వారాలు. ఆర్డరు చూపించి, “ఇంట్లో ఎట్లాగండీ?” అన్నాను. “నాకు అన్నం వండటం వచ్చులే” అన్నారు. ఆ మాట నిజమే. అన్నం వండటం వచ్చు. కూర చెయ్యటమే రాదు.

ఇరవైమూడేళ్ళ నాటి సంగతి ముందు చెప్పాలి. 2002లో మా వారు బ్యాంకు ఇన్‌స్పెక్షన్‌లో ఉండేవారు. నెలకు ఇరవై రోజులు ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక బ్రాంచిలో లెక్కలు చూడటమే పని. మా ఇంట్లో టెలిఫోను లేదు. పక్కింట్లో ఉంది గాని, వాళ్ళ హాల్లో, వాళ్ళందరి ఎదుట నిలబడి “ఆఁ... ఆఁ... సరే” అనటం తప్ప ఏం మాట్లాడతాం? అందుకని ఆయన కార్డులు రాసేవారు.

నేను అప్పటికి ఎం.ఏ. పూర్తిచేసి ఎన్నాళ్ళో కాలేదు. ప్రబంధాలలో నాయికలు విరహంతో వేగిపోతూ చంద్రుణ్ణి తిట్టటం, చిలుకల్ని కసరటం, ఒంటికి పూసిన గంధం పూసినట్టే ఎండిపోవటం — ఇవన్నీ చదివి, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకున్నదాన్ని. మొగుడు చంద్రుణ్ణి తిట్టకపోయినా ఫరవాలేదు. ‘నువ్వు జ్ఞాపకం వస్తున్నావు’ అని ఒక్క ముక్క రాస్తే ఆయన సొమ్మేం పోయింది? ఆయన కార్డు ఎప్పుడూ ఒక్క తీరే: ‘క్షేమం. భోజనం ఫరవాలేదు. శుక్రవారం వస్తాను.’ కార్డులో ముప్పాతిక భాగం ఖాళీ. ఆ ఖాళీ చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అవన్నీ మరిచిపోగలిగాను గాని, ఒక్క కార్డు మాత్రం మరవలేకపోయాను. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదో నెల. మూడు రోజులు జ్వరం విడవలేదు. భయపడి కంభంలో ఆయన ఉన్న బ్రాంచి చిరునామాకు ఉత్తరం రాశాను. జవాబుగా కార్డు వచ్చింది: ‘పాపకు మందు ఇప్పించు. ఇక్కడ పెద్ద చెరువు ఉన్నది. శుక్రవారం వస్తాను.’

బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే చెరువు సంగతి! మందు ఇప్పించక ఊరుకుంటానా నేను? ఆయన శుక్రవారం వచ్చేసరికి జ్వరం తగ్గింది. నేను ఆ కార్డు మాట ఎత్తలేదు. ఎత్తలేదన్న మాటేగాని, అది నా మనసులో ఏ మూలో ఉండనే ఉంది. ఎప్పుడైనా మాటా మాటా వస్తే, “మీకు చెరువులు ముఖ్యం లెండి” అనేదాన్ని. అది దేన్నిగురించో ఆయనకు అర్థమయ్యేదో లేదో. మాట్లాడేవారు కాదు.

ఈ సామానంతా మోసుకుని నేను పొదిలి బస్సు ఎక్కాను.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు మన రాష్ట్రంలో పల్లెవెలుగుల్లోనూ ఎక్స్‌ప్రెస్సుల్లోనూ ఉచితం కదా. కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా రూపాయల టిక్కెట్టు చేతిలో పెట్టాడు. ఆ సున్నా చూస్తే మా వారే జ్ఞాపకం వచ్చారు. టి.ఎ. బిల్లు కోసం ప్రతి టిక్కెట్టూ మడతపెట్టి చొక్కా జేబులో దాచేవారు. బట్టలు ఉతికేటప్పుడు ఎన్ని ముద్దలు చేశానో!

పొదిలిలో లాడ్జి గుమాస్తా పుస్తకం తెరిచి, “ఒక్కరేనాండీ?” అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. రెండు మంచాల గది ఇచ్చాడు. ఒక మంచం మీద నేను, రెండో మంచం మీద నా సంచీ. పరీక్షలు జరిగినంతసేపూ బాగానే ఉంటుంది. ప్రశ్నపత్రాల కట్టలు, సీళ్ళు, హాజరు పట్టీలు — ఊపిరి సలపదు. సాయంత్రం ఆరు కొట్టేసరికి మాత్రం పొద్దు కదలదు. బజారు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచినా అరగంటే. కార్తీకమాసం కదా, శివాలయంలో ఆడవాళ్ళు దీపాలు వెలిగిస్తున్నారు. ఎవరి దీపం పక్కన వారి పిల్లలో, అత్తగారో ఉన్నారు. నేనూ ఒకటి వెలిగించి వచ్చేశాను.

రాత్రి తొమ్మిదింటికి మా వారు ఫోను చేశారు. ఇప్పుడు పక్కింటివాళ్ళు లేరు, ఎంతసేపైనా మాట్లాడవచ్చు.

“తిన్నావా?”

“తిన్నాను. మీరు?”

“తిన్నాను. భోజనం ఎట్లా ఉంది?”

“ఫరవాలేదు.”

“తలుపు గడియ వేసుకో.”

ఫోను పెట్టేశాక నవ్వు వచ్చింది. ‘ఫరవాలేదు’ అన్నది నేను!

మార్కాపురంలో పలకల దుకాణం ఒకటి కనిపించింది. ఆ చుట్టుపక్కల దొరికే రాతితో చేసిన పలకల మీదే కదా, మన తరం వాళ్ళం ఎంతమందిమో అక్షరాలు దిద్దుకున్నాం! దుకాణం ముందు నిలబడి, చిన్నప్పుడు పలక తుడవటానికి పిల్లలు చేసే పనులన్నీ తలుచుకుని, రాత్రికి ఈ సంగతి ఆయనకు చెప్పాలనుకున్నాను. రాత్రి ఫోనులో చెప్పబోతే, “ఇక్కడ పలకలు అమ్ముతున్నారండీ” అన్న ఒక్క వాక్యమే వచ్చింది. ఆయన “ఊఁ” అన్నారు. ఆ పైన ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. తప్పు ఆయనది కాదు. ఆ పలకలూ, ఆ సాయంత్రం ఎండా, నేనూ ఒకచోట ఉన్నాం, ఆయన ఇంకొకచోట. పక్కన ఉంటే ఆ ఒక్క వాక్యమైనా అక్కర్లేదు, మోచేత్తో పొడిస్తే చాలును.

మర్నాటి నుంచి నన్ను నేనే గమనించుకోవటం మొదలుపెట్టాను. ఇంట్లో ఉన్నవాళ్ళకు ఊరికి వెళ్ళిన మనిషి గుర్తులు అడుగడుగునా ఉంటాయి — కుర్చీ, తువ్వాలు, మంచినీళ్ళ చెంబు. వాటిని చూసి బెంగపడవచ్చు, కోపగించుకోవచ్చు, కళ్ళు తుడుచుకోవచ్చు. ఊరికి వెళ్ళినవాళ్ళకు అవేమీ ఉండవు. లాడ్జి గదిలో ఆయన వస్తువు ఒక్కటీ లేదు. బెంగ వస్తే ఎక్కడ ఆనించాలో తెలియదు. ప్రబంధ కవులు నాయిక విరహాన్ని ఆమె మేడలోనే, ఆమె తోటలోనే ఎందుకు పెట్టారో నాకు ఇప్పుడు తెలిసింది. ఆమెను ఒక లాడ్జిలో పెడితే రెండు పద్యాలకు మించి వచ్చేవి కావు.

కంభం వెళుతుంటే బేస్తవారిపేట దాటాక నల్లమల కొండలు కనిపించాయి. “చూడండీ!” అన్నాను పైకే, అలవాటుకొద్దీ. పక్క సీట్లో గంపతో కూర్చున్న ముసలమ్మ, “ఏందమ్మా?” అన్నది.

“కొండలు.”

“అయ్యి ఎప్పుడూ ఉండేయేగా” అన్నది.

ఆమెకు అంతకంటే చెప్పటానికి నాకూ ఏం లేకపోయింది.

కంభంలో రెండోరోజు మధ్యాహ్నానికే పని అయిపోయింది. అక్కడి కాలేజీలో పనిచేసే ఒక లెక్చరరమ్మ, “చెరువు చూడకుండా వెళతారా?” అని ఆటో మాట్లాడింది. నేను వద్దనబోయాను. నాకూ ఆ చెరువుకూ ఉన్న తగవు ఆమెకేం తెలుసు?

గుండ్లకమ్మ నది రెండు కొండల నడుమ నుంచి వచ్చే ఇరుకుచోట అడ్డంగా కట్ట వేశారు. విజయనగరరాజుల కాలంలో, గజపతుల ఆడబిడ్డ వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 57 అడుగుల ఎత్తు. 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడాలలో ఒకటిగా దీన్ని గుర్తించారు. ఇవన్నీ ఆ లెక్చరరమ్మ చెబుతూనే ఉంది. నేను కట్ట మీదికి ఎక్కి చూశాను. కట్ట చూడబోతే ఇంతే; దాని వెనక నీళ్ళు కొండల దాకా, కన్ను ఆనినంత మేరా ఉన్నాయి. పొద్దు వాలుతోంది. ఈ గుండ్లకమ్మే తిరిగి తిరిగి పోయి, మా ఒంగోలుకు దగ్గరలోనే సముద్రంలో కలుస్తుంది.

తొమ్మిదిదాకా ఆగలేక అక్కడినుంచే ఫోను చేశాను.

“ఏమిటి ఈ వేళప్పుడు? ఒంట్లో బాగానే ఉందా?” అన్నారు గాభరాగా.

చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోటికి వచ్చింది ఒక్కటే:

“ఏమండీ, ఇక్కడ పెద్ద చెరువు ఉన్నది.”

అవతల కొంతసేపు మాట లేదు. తరువాత మెల్లిగా, “నేను రాశానుగా” అన్నారు.

“మీరెప్పుడు చూశారు?”

“నీ ఉత్తరం సాయంత్రం అందింది. ఒంగోలు బస్సు వెళ్ళిపోయింది. గదిలో కూర్చోలేక చెరువుదాకా నడిచాను. అక్కడే చీకటి పడింది. తిరిగి వచ్చి కార్డు రాశాను.”

“మర్నాడు పొద్దున్న రావచ్చుగా?”

“సెలవు అడిగాను. లెక్క తేలేదాకా కదలటానికి వీల్లేదన్నారు.”

“ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పలేదే?”

“రాలేకపోయినవాడు కారణాలు చెబితే ఏం బాగుంటుంది?” అన్నారు.

పక్కన పరాయి మనిషి ఉన్నది కాబట్టి కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకోకుండా, చలిగాలికి కప్పుకున్నట్టు భుజం మీదుగా లాక్కున్నాను. ఇరవైమూడేళ్ళు! ఒక్కమాట అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది. అడగనిదాన్ని నేను, చెప్పనివారు ఆయన. ఇద్దరిలో ఎవరి తప్పు ఎక్కువో లెక్క తేల్చటానికి ఏ ఇన్‌స్పెక్టరు రావాలి?

గిద్దలూరులో పని చూసుకుని పోస్టాఫీసుకు వెళ్ళాను. కార్డు ఒకటి ఇమ్మంటే, “పోటీకి పంపటానికా అమ్మా?” అన్నాడు గుమాస్తా. ఇంటికి రాయటానికి అన్నాను. వింతగా చూశాడు. కార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. అక్కడే బల్ల మీద పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను. తెలుగులో ఎం.ఏ. చదివినదాన్ని, ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు లేఖారచన నేర్పుతున్నదాన్ని. చివరికి రాసి డబ్బాలో వేశాను.

నేను శుక్రవారం రాత్రి ఇల్లు చేరాను. కార్డు సోమవారం వచ్చింది. పోస్టుమాను దగ్గర నేనే అందుకుని, కుర్చీలో పేపరు చదువుకుంటున్న ఆయన చేతికి ఇచ్చాను. కళ్ళజోడు సర్దుకుని చదివారు.

‘క్షేమం. భోజనం ఫరవాలేదు. శుక్రవారం వస్తాను.’

కార్డు అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఖాళీగా ఉన్న ముప్పాతిక భాగాన్నీ పరకాయించి చూశారు.

“ఇంతేనా?” అన్నారు.