పాత కంప్యూటరుకి ద్వారకానగర్ వైద్యం

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి రోడ్డు దాటితే ద్వారకానగర్. కోచింగ్ సెంటర్లూ బట్టల దుకాణాల నడుమ కంప్యూటర్ షాపులు. గాజువాక నుంచో ఉక్కునగరం నుంచో సీపీయూ డబ్బాని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చే తండ్రీకొడుకులు ఇక్కడ కొత్తేం కాదు. ‘గేమ్ మధ్యలో ఆగిపోతోందండీ. ర్యామ్ పెంచితే చాలా, కొత్తది కొనాలా?’ కొడుకు చూపు రంగురంగుల లైట్లున్న కొత్త క్యాబినెట్ మీద. తండ్రి చూపు దాని ధర మీద!

నిజానికి జబ్బేమిటో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గేమ్ ఆడుతుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమొరీ దాదాపు నిండిపోయి కనిపిస్తే లోపం ర్యామ్‌దే. ఆర్కే బీచ్‌లో నిలబడితే దూరాన లంగరేసిన ఓడలు కనిపిస్తాయి కదా... బెర్తు ఖాళీ అయితేగానీ లోపలికి రాలేవు. ఇదీ అంతే. ర్యామ్‌లో చోటు లేక కంప్యూటర్ సరుకంతా హార్డ్‌డిస్కులో దించి, కావాల్సినప్పుడల్లా మోసుకొస్తుంటుంది. ఆట ఆగేది అందుకే. 2015లో కంప్యూటర్లకి వచ్చిన జీటీఏ-5కే కనీసం 4 జీబీ, హాయిగా ఆడాలంటే 8 జీబీ కావాలన్నారు. మెమొరీ సగమే నిండి ఉంటే మాత్రం ర్యామ్ కొనడం దండగ. అడగాల్సింది గ్రాఫిక్స్ కార్డుని.

ర్యామ్‌లన్నీ ఒకటి కాదు. డీడీఆర్3, 4, 5... ఒక్కోదానికీ గాటు ఒక్కోచోట ఉంటుంది. ఒకదాని స్లాటులో మరొకటి దిగదు, బలవంతం చేస్తే విరిగేది మదర్‌బోర్డే. అందుకే పాత స్టిక్కుని వెంట తీసుకెళ్లడం మేలు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరైతే 8 జీబీది ఒకటి కాకుండా 4 జీబీవి రెండు వేయించుకోండి. రెండు దారుల్లో డేటా నడుస్తుంది, ఆట తేడా తెలుస్తుంది. 32 బిట్ల విండోస్ ఉంటే 4 జీబీకి మించి వేసినా మామూలుగా వాడుకోదు.

సముద్రం ఒడ్డు ఊరికి ఇంకో చిక్కుంది. ఉప్పుగాలి. దానికి పోర్టు వైపు నల్లదుమ్ము తోడు. స్టిక్కు అంచున ఉండే బంగారుపూత కాంటాక్టుల మీద పొర పేరుకుంటే మానిటర్ మీద బొమ్మే రాదు. కంప్యూటర్ పోయిందని కంగారుపడతారు! మెకానిక్కులు చేసేదల్లా ప్లగ్గు పీకి, స్టిక్కు తీసి, పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి, రెండువైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కడం. చాలాసార్లు వైద్యం అక్కడితో సరి. కొత్త స్టిక్కు ఖర్చు మిగిలినట్టే.

ఆ ఖర్చూ ఇప్పుడు తక్కువేం కాదు. కృత్రిమ మేధ డేటా సెంటర్ల కోసం కంపెనీలు చిప్పులన్నీ అటు మళ్లించడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోయాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ సంస్థ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా సెంటర్ పెడతామని గూగుల్ ప్రకటించింది 2025 అక్టోబరు 14న. విచిత్రమేమిటంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సేవలు ఆపేసిందీ అదే రోజు! ఎనిమిదో తరానికి ముందరి ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా కుదరదు. ఎంత ర్యామ్ వేసినా అది మారదు. ఆటలకి పర్వాలేదుగానీ, బ్యాంకు పనులు ఆ కంప్యూటర్లో చేయకపోవడమే మంచిది.

అందుకే పాత యంత్రానికి చాలామంది సెకండ్‌హ్యాండ్ డీడీఆర్3 స్టిక్కులే అడుగుతున్నారు. తప్పులేదు. కాకపోతే షాపులోనే బిగించమనండి, మెమ్‌టెస్ట్ ఒక్క విడతైనా పూర్తయ్యేదాకా ఉండండి. ఎర్ర గీత ఒక్కటి కనిపించినా ఆ స్టిక్కు వద్దు. బిల్లు మీద వారంటీ ఎన్నాళ్లో రాయించుకుని మరీ కదలండి.