చేతులు యాడ వెట్టాలె?

ఈ వారం బొమ్మల గురించి.

మీలో చాలామందికి తెలియదు, నేను ఆదివారాలు చిన్న చిన్న బొమ్మలు వేస్తాను. ఎక్కడా నేర్చుకోలేదు. అరచేతి కంటే కొంచెం పెద్ద కాగితం, ఆరు ట్యూబుల రంగులు, రెండు బ్రష్షులు. వంటింటి కిటికీ పక్కన స్టూలేసి ఏదో ఒక వస్తువు పెట్టుకుని కూర్చుంటాను. "కులనిర్మూలన వదిలేసి ఉల్లిగడ్డలు గీస్తున్నవా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్నే. జవాబు చెప్తాను.

వస్తువులను ఎదురుగా పెట్టుకుని గీసే బొమ్మను స్టిల్ లైఫ్ అంటారు. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులు వెండి గిన్నెలు, ఒలిచిన నిమ్మపండ్లు, గాజు గ్లాసులు గీశారు. ఆ బల్ల మీద కనిపించేది కలిగినోళ్ళ సంపద. మా స్టూలు మీదికి వచ్చినవి తాత వాడిన ఆరె, రంపె, గూటం. ఆరె పిడి ఒకవైపు అరిగి గుంట పడ్డది. ఆ గుంటలో నీడ ఎక్కడ మొదలవుతుందో గంటసేపు చూస్తే అర్థమైంది, తాతది ఎడమచేతివాటం. నాన్నను అడిగితే "అవును గదా" అన్నడు. మా తాత గురించి ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. ఆ పిడి రాసిపెట్టింది.

1886లో వాన్‌గో పారిస్‌లో ఒక జత పాత బూట్లు గీశాడు. జర్మన్ తత్వవేత్త హైడెగ్గర్ అవి రైతు స్త్రీవని చెప్పి, ఆమె పొలం గురించి, అలసట గురించి గొప్పగా రాశాడు. 1968లో మేయర్ షాపిరో అనే కళా చరిత్రకారుడు కాదు, అవి చిత్రకారుడి సొంత బూట్లే అన్నాడు. తొడిగింది ఎవరన్నదే వాళ్ళ వాదన. మాదిగ బిడ్డగా నాకు ముందు తట్టే ప్రశ్న వేరు. కుట్టింది ఎవరు? ఆ తోలును పదును చేసింది ఎవరు? లందలో తంగేడు చెక్కతో తోలు నానబెట్టిన ఇంట్లో పుట్టినోళ్ళకే ఆ ప్రశ్న ముందు వస్తుంది.

ఇక ముఖాలు. రంగుల దుకాణంలో 'ఫ్లెష్ టింట్' అని ఒక ట్యూబు అమ్ముతారు. లేత గులాబి రంగు. ఎవరి ఒళ్ళది? మా అమ్మది మాత్రం కాదు. బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరైన్ నీలం కలిపితే, నల్ల ట్యూబు ముట్టకుండానే లోతైన నలుపు వస్తుంది. కిటికీ వెలుగు పడ్డ చెంప మీద సన్నటి నీలి మెరుపు కూడా ఉంటుంది. నీలం లేకుండా మా అమ్మ రాదు!

అమ్మ ఒక్కతే ఉన్న ఫొటోలు రెండే. ఒకటి ఓటరు కార్డు మీద, ఇంకొకటి ఆధార్ మీద. రెండూ సర్కారు అడిగితే దిగినవే. బొమ్మ కోసం కూర్చోమంటే కూర్చున్నది గానీ, "చేతులు యాడ వెట్టాలె బిడ్డా?" అని అడిగింది. చిన్నప్పటి నుంచి నాట్లేసి, కలుపు తీసిన చేతులు. పని లేకుంటే ఎట్లుండాలో వాటికి తెలియదు. పది నిమిషాలకే లేచి చిక్కుడుకాయలు తెచ్చుకోబోయింది. వద్దన్నాను. ఒక చేతి మీద ఇంకో చెయ్యి వేసుకుని నలభై నిమిషాలు ఊరికే కూర్చున్నది. పట్టపగలు అమ్మ అంతసేపు ఊరికే కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడడం.

బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఫ్యాక్టరీ పని గంటలు తగ్గించే బిల్లు తెచ్చాడు. 1946లో అది వారానికి 48 గంటలైంది. పొలంలో కూలికి పోయే ఆడమనిషికి ఆ లెక్క ఇప్పటికీ అందలేదు.

మన బొమ్మలు ఎక్కడ కనిపిస్తాయి? నిజనిర్ధారణ నివేదికల్లో శవాలుగా, ఫ్లెక్సీల మీద అమరులుగా. సావి సావర్కర్ మెడలో ముంత, వెనక చీపురు ఉన్న మనిషిని గీసి ఆ చరిత్రను కళ్ళముందు నిలబెట్టాడు. డక్కలోళ్ళు పటం విప్పి మనకు జాంబ పురాణం చెప్పారు. అవన్నీ ఉండాలి. వాటి పక్కన, ఏ దెబ్బా తినకుండా, ఏ పనీ చేయకుండా కూర్చున్న మన తల్లి బొమ్మ కూడా ఉండాలి. తీరికగా కూర్చోవడం కూడా మనకు దక్కని ఆస్తే.

హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మను అరగంట కూర్చోబెట్టండి. ఒక పెన్సిలు చాలు. పోలిక కుదరకపోయినా ఏం కాదు. ఆ అరగంట ఆమెది.

జై భీమ్.