త్రాటి నిచ్చెన

ఎక్కుట పిల్లలకు స్వభావము. నడక నేర్చిన పసివాడు మొదట గడప దాటును, పిదప అరుగెక్కును, ఆ పిదప జామచెట్టెక్కును. పెద్దలు దిగుమని కేకలు వేయుచునే యుందురు, పిల్లలు ఎక్కుచునే యుందురు. ఈ కోరికను అణచుట ఏ కాలమునందును ఎవరికిని సాధ్యము కాలేదు. కనుక దానికి తగిన సాధనమును, తగిన చోటును, తగిన క్రమమును ఏర్పరచుటయే పెద్దలు చేయదగిన పని. మన పాఠశాల ఆవరణలోని చింతచెట్టునకు విద్యార్థులును నేనును కలిసి కట్టుకొన్న త్రాటి నిచ్చెనను గూర్చి ఈ వ్యాసమున వ్రాయదలచితిని. విద్యార్థులు దీనిని చదివి తామును చేయగలరనియు, తల్లిదండ్రులు చదివి తమ సందేహములు తీర్చుకొందురనియు నా ఆశ.

మన కొరాపుట్, రాయగడ జిల్లాలలో నిచ్చెన విద్య క్రొత్తది కాదు. ఒడియావారు సలప అని పిలుచు జీలుగు చెట్టునుండి కల్లు దించుటకు కొండవారు ఒకే పొడుగు వెదురును తెచ్చి, కణుపుల యొద్ద కొమ్మల మొదళ్ళను మాత్రము విడిచి తక్కినవి నరికి, చెట్టు మ్రానికి చేర్చి కట్టుదురు. ఆ మొదళ్ళే వారికి మెట్లు. దక్షిణమున నీలగిరులలో కురుంబలు కొండకొమ్ముల తేనెపట్లను చేరుటకు అడవితీగలతో అల్లిన నిచ్చెనలపై దిగుదురు. 1933లో ప్రారంభమైన విశాఖపట్టణపు రేవును మనలో అనేకులు చూచియున్నారు. అచ్చటికి వచ్చు ఓడలకు దారి చూపు పైలట్లు చిన్న పడవలో ఎదురేగి, ఓడ ప్రక్కన వ్రేలాడు త్రాటి నిచ్చెన పట్టుకొని పైకెక్కుదురు. సముద్రముపై మనిషి ప్రాణమును మోయు వస్తువు గనుక దానికి అంతర్జాతీయ నియమములు కలవు. మెట్టునకును మెట్టునకును నడుమ 31 మొదలు 35 సెంటీమీటర్ల ఎడముండవలెను. ఆ ఎడములన్నియు సమానముగా నుండవలెను. ప్రక్క త్రాళ్ళు 18 మిల్లీమీటర్లకు తక్కువ లావు కారాదు. ఈ నియమములు మాకు మొదటి పాఠమైనవి.

మన పాఠశాలకు ఆటస్థలము కలదు, ఆటవస్తువులు అరుదు. తెలుగు చదువు పిల్లల సంఖ్య తగ్గుచున్న చోట వాటిని అడిగి తెచ్చుకొనుటయు కష్టమే. త్రాటి నిచ్చెన కట్టుకొందమని ఎనిమిదవ తరగతివారు అడిగినప్పుడు నేను సంతోషించితిని. అయితే ఈ మాట ఇండ్లకు చేరిన మరునాడే ఒక తండ్రి వచ్చి, “మాస్టారూ, మీరు కట్టబోయే నిచ్చెన మీంచి నా బిడ్డ పడితే పూచీ ఎవరిది?” అని అడిగెను. ఆయన లారీలపై సరకు కట్టు పని చేయువాడు. త్రాడు తెగినచో ఏమగునో ఆయన కండ్లార చూచినవాడు. ఆయన ప్రశ్న న్యాయమైనది. “పడకుండ కట్టుదము” అని చెప్పుట సులభము. కాని ఎక్కువాడు ఎప్పుడో ఒకప్పుడు పడును. పడినను దెబ్బ తగులని ఎత్తెంత? తెగని త్రాడేది? జారని ముడి యేది? ఆయన ప్రశ్నను ఇట్లు మూడు ప్రశ్నలుగా చేసి నల్లబల్లపై వ్రాసితిని. మా నిచ్చెన కొలతలన్నియు ఆ మూడింటికి సమాధానములే.

మొదట త్రాడు. మన అడవులలో అడ్డతీగ విరివిగా కలదు. విస్తళ్ళు కుట్టు అడ్డాకు దీనిదే. దీని పట్టనుండి తీసిన నారతో కొండవారు త్రాళ్ళు పేనుదురు. పిల్లలు ఈ నారను తెచ్చి పేనుట నేర్చుకొనిరి. నారను ఒకవైపు పురిపెట్టినచో పేట యగును. మూడు పేటలను దానికి ఎదురు వైపు పేనినచో త్రాడగును. ప్రతి పేటయు తన పురి విప్పుకొనుటకు ప్రయత్నించును. ఆ ప్రయత్నమే తక్కిన రెండింటిని బిగించును. త్రాటి బలమంతయు ఈ చిన్న యుక్తిలో నున్నది. అయితే చేతితో పేనిన నార త్రాటికి అన్నిచోట్ల ఒకే బలముండదు, తడిసినచో కుళ్ళును. గోగునారయు తడికి ఓర్వదు. కొబ్బరిపీచు త్రాడు తడికి ఓర్చునుగాని అరచేతులను గీచును. నైలాను మోకు బలమైనది, కాని నునుపు గనుక ముడి జారవచ్చును. ఏండ్ల తరబడి ఎండలో నున్నచో పెళుసగును. అన్నియు ఆలోచించి 16 మిల్లీమీటర్ల లావుగల మూడు పేటల నైలాను మోకును కొంటిమి. ముడి జారకుండుటకు ప్రతి ముడిపైనను పురికొసతో కట్టు వేసితిమి. పిల్లలు పేనిన అడ్డనార త్రాళ్ళు ముడుల అభ్యాసమునకు ఉపయోగపడెను.

ఇక కొలతలు. లోపల బోలు లేని గట్టి వెదురును ఎండబెట్టి, 40 సెంటీమీటర్ల పొడుగున ఆరు మెట్టుకర్రలు కోసితిమి. లావు సుమారు మూడున్నర సెంటీమీటర్లు. పిల్లల పిడికిలికి చక్కగా పట్టును. ప్రతి కర్రకు రెండు కొసలనుండి 5 సెంటీమీటర్ల లోపల లోతులేని గాడి తీసి, పెచ్చులు లేకుండ గరుకు కాగితముతో రుద్దితిమి. అందువలన ప్రక్క త్రాళ్ళ నడుమ 30 సెంటీమీటర్లు మిగిలెను. మెట్టునకును మెట్టునకును నడుమను 30 సెంటీమీటర్లే యుంచితిమి. దీనికొక ముఖ్యకారణము కలదు. పిల్లల ఆటస్థలములలో 9 సెంటీమీటర్లకును 23 సెంటీమీటర్లకును నడుమనుండు సందులు ప్రమాదకరములని ఆ విషయము పరిశీలించినవారు నిర్ణయించియున్నారు. అట్టి సందులో పిల్లవాని శరీరము దూరును, తల చిక్కుకొనును. కనుక దగ్గర దగ్గరగా మెట్లు కట్టుట పిల్లలకు మేలని తలపరాదు.

త్రాడెంత కావలెనన్న లెక్కను పిల్లలే వేసిరి. క్రింది మెట్టునుండి కొమ్మ వరకు 210 సెంటీమీటర్లు. ఒక్కొక్క ముడికి సుమారు 30 చొప్పున ఆరు ముడులకు 180. కొమ్మకు చుట్టి కట్టుటకు 180. అడుగు మెట్టు క్రింద సగము వెడల్పు 15. అనగా ఒక ప్రక్కకు 585, రెండు ప్రక్కలకు 1,170 సెంటీమీటర్లు. 12 మీటర్లు సరిపోవును. కొసల కొరకు 13 మీటర్లు కొంటిమి.

కట్టు విధానము సులభము. త్రాటిని సగమునకు మడచి, ఆ మడత అడుగు మెట్టు క్రిందుగా పోవునట్లు ఉంచవలెను. అట్లు చేసినచో క్రింద కాళ్ళకు తగులుకొను కొసలుండవు. పిదప రెండు ప్రక్కలను పైకి తీసికొనిపోవుచు మెట్టు వెంబడి మెట్టు కట్టవలెను. త్రాటిని గాడిలో కర్రచుట్టు ఒకసారి త్రిప్పి, ఆ చుట్టును అడ్డముగా దాటించి రెండవసారి త్రిప్పి, రెండవ చుట్టు క్రిందుగా కొసను దూర్చి గట్టిగా లాగవలెను. 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ దళములలో శిక్షణ పొందినవారికి ఈ ముడి పరిచితమే. ముడి బిగిసినప్పుడు ఎడము మారును. అందుచేత బిగించిన పిదపనే కొలవవలెను. మెట్టు వంకరగా నున్నచో విప్పి మరల కట్టవలెను. ఒక ప్రక్క వ్రేలెడు హెచ్చినను ఎక్కువాని పాదము ఆ వైపునకు జారును.

చెట్టును ఎన్నుకొనుటలో జాగ్రత్త కావలెను. మునగకొమ్మ పెళుసు, మునగచెట్టెక్కించుట అను మాట ఊరక పుట్టలేదు. చింతకొమ్మ గట్టిది. తొడయంత లావుగల, పచ్చిగా నున్న, పురుగు పట్టని అడ్డకొమ్మ మాకు లభించినది. బెరడు ఒరయకుండ దానికి గోనెపట్టను రెండు పొరలుగా చుట్టి, త్రాటిని రెండు చుట్లు త్రిప్పి, రెండు అరముడులు వేసి, కొసను పురికొసతో కట్టితిమి. ఈ కట్టు లారీ పని చేయు ఆ తండ్రియే దగ్గరుండి వేయించెను.

నిచ్చెన క్రింద నేలను త్రవ్వి, రాళ్ళేరి, 9 అంగుళముల లోతున ఇసుక పోసితిమి. అట్టి ఇసుక నాలుగడుగుల ఎత్తునుండి పడువానిని కాపాడునని లెక్క. కనుక నాలుగవ మెట్టునకు ఎఱ్ఱగుడ్డ చుట్టితిమి. ఆ మెట్టు నేలకు 120 సెంటీమీటర్ల ఎత్తున నున్నది. పాదము దానిని దాటరాదు. పై రెండు మెట్లు చేతులకు మాత్రమే. ఇసుక గట్టిపడినచో పనికిరాదు గనుక వారమునకొకసారి తిరుగవేయుదుము.

పరీక్ష లేక నిచ్చెన పూర్తి కాదు. ముడి వేసినచోట త్రాటి బలము సగము వరకు తగ్గవచ్చును. అందుచేత పిల్లలెక్కుటకు ముందు ఇద్దరు పెద్దలము ఒకేసారి ఎక్కి ఊగితిమి. ఒకడు నేను, రెండవవాడు ఆ తండ్రి. దిగిన పిదప ముడులన్నియు మరల చూచి, జరిగిన రెండింటిని విప్పి కట్టితిమి. ఆయన తన కుమార్తెను పిలిచి, “ఇప్పుడు ఎక్కమ్మా” అనెను.

త్రాటి నిచ్చెన నెక్కుట కఱ్ఱ నిచ్చెన నెక్కినట్లు కాదు. రాయగడ చేరువ చెకాగుడ యొద్ద నాగావళిపై వ్రేలు వంతెన నడచినవారికి తెలియును. అడుగు వేసినచో క్రిందిది కదలును. మెట్టుపై పాదము మోపగానే నిచ్చెన ముందుకు పోవును, శరీరము వెనుకకు వ్రాలును. మన బరువు కొమ్మకు సూటిగా క్రిందికి రాదలచుటయే దీనికి కారణము. కనుక శరీరమును నిచ్చెనకు దగ్గరగా నుంచవలెను. మెట్లను గాక ప్రక్క త్రాళ్ళను పట్టుకొనవలెను. ఒక చేయి, ఒక పాదము చొప్పున మెల్లగా కదలవలెను. మిక్కిలి చిన్నవారికొరకు అడుగు మెట్టును రెండు గూటములకు కట్టినచో ఊపు తగ్గును. ఒకసారికి ఒక్కరే ఎక్కవలెను. చున్నీ, మెడతాడు, సంచి మొదలైనవి తీసి ప్రక్కన పెట్టవలెను. మెడకు తగులుకొను వస్తువుతో ఎవరును ఎక్కరాదు.

సాయంకాలము ఇరుగుపొరుగు పిల్లలును వచ్చుచున్నారు. వారిలో ఒడియావారును, కువి మాటలాడువారును కలరు. మన పిల్లలు నిచ్చెన అందురు. ఒడియా పిల్లలు నిశుణి అందురు. నాలుగు దినములు ఏ మాట సరియని వాదులాడుకొని నా యొద్దకు వచ్చిరి. రెండును సంస్కృతములోని నిఃశ్రేణి అను మాటనుండి వచ్చినవేయని చెప్పితిని. 1936లో ఈ ప్రాంతము ఒడిశా రాష్ట్రమున చేరినది. 1992లో రాయగడ వేరు జిల్లా యైనది. సరిహద్దులు మారినను ఈ రెండు మాటల చుట్టరికము మారలేదు. ఇప్పుడు వరుసలో నిలుచువారు రెండు పేర్లతోను పిలుచుచున్నారు. తెలుగు పలుకుటకు సంకోచించు మన చిన్నవారు కొందరు, పొరుగువారికి ముడి నేర్పునప్పుడు గట్టిగా తెలుగున చెప్పుట విని నాకు ఆనందము కలిగినది.

ప్రతి సోమవారము నిచ్చెనను పరీక్షించు బాధ్యతను ఏడవ తరగతి బాలిక యొకతె తీసికొన్నది. ఎక్కుటయందు ఆమెకు అంత ఆసక్తి లేదు. చూచుటయందు మాత్రము ఆమె కన్ను నిశితమైనది. వానలు వెలిసిన ఒక సోమవారము బల్లపై నిలిచి కొమ్మ యొద్ద చూచెను. గాలికి గోనెపట్ట జరిగి, ఒక పేట పైపోగులు అరిగియుండెను. ఆమె నిచ్చెనను పైకి చుట్టి ఎఱ్ఱగుడ్డ కట్టివేసెను. వరుసలో నున్నవారు గోల చేసిరి. “కొద్దిగా పీచు లేచింది, అంతే కదా! ఒక్కసారి ఎక్కనీ” అని పెద్దపిల్లవాడొకడు అడిగెను. “పీచు లేచిందని కంటికి కనబడుతోంది. ఎంత బలం పోయిందో కనబడుతోందా?” అని ఆమె బదులు చెప్పెను. తనకంటె రెండు తరగతులు పెద్దవాడు, వెనుక నలువదిమంది, ఆమె కదలలేదు. ఆ దినమున ఎవరును ఎక్కలేదు. మరునాడు అరిగిన భాగమును కోసివేసి, మిగులు త్రాటితో మరల కట్టి, బరువు పరీక్ష చేసితిమి. ఆ తండ్రి తొలినాడు అడిగిన ప్రశ్నకు నేను చెప్పగల సమాధానములలో ఇది ముఖ్యమైనదని తలచుచున్నాను. కట్టునాటి జాగ్రత్త ఒక దినముది. చూచు జాగ్రత్త ప్రతి దినముది.

విద్యార్థులారా! ఇంటి పెరటిలో గట్టి కొమ్మ యున్నచో మీరును కట్టుకొనుడు. కాని పెద్దలు ఎక్కి ఊగి చూడక ముందు మీరెక్కకుడు. తల్లిదండ్రులారా! మన నిచ్చెన త్రాటిని ఏటేట మార్చదలచితిమి. క్రొత్త త్రాడు కట్టునాడు బరువు చూచుటకు ఇద్దరు పెద్దలు కావలెను. ఆ దినమును ముందుగా తెలియజేయుదుము. దయచేసి రండు, మీ ప్రశ్నలు కూడ తీసికొని రండు.